చట్టప్రకారం

"చీటీ?" అంది జ్యోతిర్మయి, తెల్లకోటు మడతలు సర్దుకుంటూ.

పాండురంగయ్య జేబులోంచి ఖాళీ స్ట్రిప్పు తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఇవేనమ్మా. మా ఆవిడకి ఫిట్స్ మాత్రలు. ఆఖరిది పొద్దున వేశాను. రాత్రికి పడకపోతే మళ్ళీ వచ్చేస్తాయి."

"నేనడిగింది డాక్టరు రాసిన చీటీ."

"హనుమాన్ జంక్షన్‌లో, ఇంట్లో ఉండిపోయిందమ్మా. అక్కడ ఈ మందు దొరకదు. ఆరేళ్ళుగా గవర్నర్‌పేట వచ్చి ఈ షాపులోనే కొంటున్నా. సుబ్బారావుగారు స్ట్రిప్పు చూసి ఇచ్చేస్తారు."

ఆ మాటకి షాపు యజమాని వెంకటసుబ్బారావు అటు తిరిగి, అరలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

జ్యోతిర్మయి అతని వీపు వంక చూసింది. పదో తరగతి తప్పి మందులమ్ముతున్న మనిషి. అడిగినవాళ్ళకల్లా బఠాణీల్లా పంచిపెడతాడు. పుచ్చుకునేవాళ్ళూ అలాంటివాళ్ళే. చీర కొనేటప్పుడు అంచు చూస్తారు, పోగు చూస్తారు, వెలుతురులోకి తీసుకెళ్ళి రంగు చూస్తారు. మింగే మాత్ర పేరు మాత్రం చదవరు.

"ఆయన ఇవ్వకూడదు. చట్టప్రకారం ఫార్మసిస్టు దగ్గరుండి, చీటీ చూసి ఇవ్వాలి." గోడ మీద ఫ్రేములో ఉన్న సర్టిఫికెట్ చూపించింది. "ఆ ఫార్మసిస్టుని నేనే."

"ఈ పూటకి రెండు మాత్రలైనా ఇప్పించమ్మా."

"రెండైనా ఇరవైయైనా చట్టం ఒకటే."

"తెలిసినాయనే, మేడమ్," అన్నాడు సుబ్బారావు, ఇటు తిరక్కుండానే.

"ఆయన తెలుసు సరే. మందు తెలుసా మీకు?"



పాండురంగయ్య గోడ గడియారం చూశాడు. నాలుగున్నర. బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర. ఇంటి దగ్గర ఆవిడ ఒక్కతే ఉంది. ఖాళీ స్ట్రిప్పు జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

పక్కన స్టూలు మీద కూర్చుని రిజిస్టరు తిరగేస్తున్న డ్రగ్ ఇన్‌స్పెక్టరు తలెత్తాడు.

"షాపుకొకరు మీలాంటివాళ్ళుంటే మాకు పనే ఉండదమ్మా," అని సంతకం పెట్టి లేచాడు.

ఇన్‌స్పెక్టరు బండి మలుపు తిరగగానే జ్యోతిర్మయి కోటు విప్పి, పాత మడతల మీదే మడిచి సుబ్బారావు చేతికిచ్చి, "మళ్ళీ తనిఖీ అంటేనే ఫోన్ చెయ్యండి, అక్కడ మా చీరల షాపులో బేరాలు పోతున్నాయి," అని ఆటో ఎక్కింది.