ఆటబొమ్మలో సంత

"ఖాళీలు ఏవమ్మాయ్?"

యజ్ఞనారాయణ ఘనపాఠి మనవడి ఆటబొమ్మను, ఆ చేతి వీడియోగేమును, కౌంటరు మీద పడేశాడు. చేత్తో ముట్టుకోవడానికి మనసొప్పక ఊరినుంచి అమలాపురం దాకా బస్సులో దాన్ని ఉత్తరీయం కొసతోనే పట్టుకొచ్చాడు. దాని నిండా నాలుకలు చాపిన దయ్యాల స్టిక్కర్లు, మీటల సందుల్లో ఎండిపోయిన చాక్లెట్ జిగురు. ఇందులోనా వేదం ఎక్కించాల్సింది?

కంప్యూటర్ షాపు నడిపే వీరదుర్గ లేచి నిలబడింది.

"ఏ ఖాళీలండి?"

"నేనొక వాక్యం చెబుతాను. ఆగుతాను. శిష్యుడు దాన్ని రెండుసార్లు అనాలి. అప్పుడు మళ్ళీ నేను. దాన్నే సంత అంటారు. మొన్న నువ్వు చేసిచ్చినదాంట్లో ఆగడమన్నదే లేదు. రైలుబండిలా పోతోంది. ఎవడనగలడు దాని వెంట?"

"ఆయ్, అదాండి. మీ రికార్డరులో ఫైలు ఈ గేము పాడదండి. దీనికి ఎక్కే రకంలోకి మార్చాలండి. మార్చేటప్పుడు మాటల్లేని చోట్లు అనవసరమని కోసేసేనండి. ఎవరికైనా అలాగే చేస్తామండి, సైజు తగ్గుద్దని."

"శిష్యుడి వంతు అనవసరమా? బాగుంది. కలికాలం అంటే మరేమిటో అనుకున్నాను."

వీరదుర్గ పాత ఫైలు వెతకసాగింది. ఘనపాఠి స్టూలు మీదున్న బజ్జీల కాగితాన్ని చూసి ముక్కు చిట్లించి, నిలబడే ఉన్నాడు.

యజుర్వేదంలోని ఎనభై రెండు పన్నాలూ పుస్తకం చూడకుండా చెప్పేవాళ్ళు ఆ వంశంలో ఆయనే ఆఖరు. కొడుకు బ్యాంకులో చేరిపోయాడు. మిగిలింది పదమూడేళ్ల మనవడు ఉదయ్ కిరణ్. వాడికి ఒడుగు చేసి రెండేళ్ళయింది. సంతకి కూర్చోబెడితే కాళ్ళు తిమ్మిర్లంటాడు. ఫోను వాళ్ళమ్మ ముట్టనివ్వదు కనక చేతిలో ఎప్పుడూ ఈ బొమ్మే. "ఇందులో ఎక్కిస్తే వింటాను తాతగారూ" అన్నాడు వాడు. డెబ్భై రెండేళ్ళొచ్చి ఒక ఆటబొమ్మకి తలొగ్గాల్సొచ్చింది, ఛీ, ఏం బతుకు. కాని ఇవాళో రేపో ఆయన పోతే, నోటినుంచి నోటికి వచ్చిన ఆ పాఠం ఆయనతోపాటే కట్టెల్లోకి పోతుంది. ఆ భయం నిద్రపోనివ్వడం లేదు. అందుకే ఒంటిపూట బళ్ళు మొదలైన దగ్గర్నుంచి రోజూ మధ్యాహ్నం సావిట్లో కూర్చుని, రికార్డరు ముందు పెట్టుకుని, లేని శిష్యుడికి సంత చెప్పాడు.

"ఈసారి ఖాళీలు ఉంచేనండి," అంది వీరదుర్గ. "దీని స్పీకరు చిన్నదని సౌండు కూడా బాగా పెంచేను. కాపోతే గురువుగారండీ, పెంచేసరికి ఖాళీల్లో ఏదో గొణుగుడు వస్తోందండి. తీసెయ్యమంటారా?"

"గొణుగుడా? ఈ దరిద్రపు బొమ్మ కూతలై ఉంటాయి. వాడికోసం నేను నోరు ఎండగట్టుకుని చెబుతుంటే, వెధవ పక్కగదిలో ఆటలాడుతున్నాడన్నమాట. తీసిపారెయ్."

"ఇంట్లో ఇంకెవరైనా మాట్లాడేరేమోనండి."

"ఎవరున్నారు మాట్లాడ్డానికి? కొడుకూ కోడలూ పొద్దున పోతే రాత్రికి వస్తారు. మా ఆవిడ శ్యామలాంబ వంటింట్లోంచి గిన్నె చప్పుడైనా రానివ్వదు. నలభై ఆరేళ్ళనుంచీ సంత జరిగేటప్పుడు ఆ గడప దాటి ఇవతలికి వచ్చిన మనిషి కాదు. నువ్వు తీసెయ్యి, నాకు బస్సుంది."

వీరదుర్గ చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది.

"బొమ్మ కూతలు కాదండి. మనిషి గొంతేనండి, సన్నగా ఉంది. మీరన్న మాటే రెండేసిసార్లు అంటన్నారండి."

"రెండేసిసార్లా?"

"ఆయ్."

ఘనపాఠి ఆవిడ చేతిలోని హెడ్‌ఫోన్ లాక్కున్నంత పనిచేశాడు. ఎవరెవరి తలనూనెలనో పీల్చి నల్లబడ్డ ఆ దూదిబిళ్ళల్ని మరో రోజైతే చీపురుపుల్లతో కూడా తాకడు. ఇప్పుడు తుడవనైనా తుడవకుండా చెవులకి తగిలించుకున్నాడు.

మొదట తన గొంతు. అది ఆగింది. ఆ ఖాళీలో, ఎక్కడో దూరంనుంచి, అదే వాక్యం. ఎక్కాల్సిన చోట ఎక్కి, దిగాల్సిన చోట దిగి, రెండుసార్లు. ఎప్పుడో మందగించిన చెవులకి ఇంట్లో ఉండగా ఇది వినపడనే లేదు. ఆయన తప్పు కోసం కాచుకుని కూర్చున్నాడు. ఇరవై వాక్యాలు గడిచినా ఒక్క అపస్వరం దొర్లలేదు.

"దొంగవెధవ, చాటుగా పట్టేశాడే," అన్నాడు. కళ్ళు చెమర్చాయి. మనవణ్ణి పొద్దున తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"కొంచెం ముందుకి జరుపుతానండి. ఒకచోట మీకు దగ్గొచ్చింది, అక్కడ వినండి."

దగ్గు తెర కమ్ముకొచ్చి తను ఆగిపోయిన చోటు అది. అక్కడ ఆ గొంతు ఆగలేదు. ఆయన ఇంకా చెప్పని తరవాతి వాక్యం అందుకుంది. దాని తరవాతిది, ఆ పై పాఠం కూడా. ఆయన మంచినీళ్ళు తాగి సర్దుకునేదాకా, ఎక్కడా తడుముకోకుండా, ఏళ్ళ తరబడి నోట నానినట్టు చెప్పుకుపోయింది. మనవడికి ఆ పాఠం ఆయన ఇంతవరకూ చెప్పనేలేదు.

"ఇంకా పెంచమ్మాయ్," అన్నాడు ఘనపాఠి.

వీరదుర్గ పెంచింది.

ఆ గొంతు శ్యామలాంబది.