పిలవని పేరు

రెంటచింతల ఎండకు గోడలోని జ్ఞాపకాల పెట్టె మధ్యాహ్నానికే పెనంలా కాలింది. సౌభాగ్యం తడి గోనెపట్టా కప్పింది. చూస్తుండగానే ఆవిరి లేచి పట్టా ఎండిపోయింది. ఇప్పుడు ఇంటికో పెట్టె. ఫలానా మనిషి ఫలానా అని గేటుకు చెప్పాలన్నా, ఆసుపత్రికి చెప్పాలన్నా అదే సాక్షి.

"మరీ వేడెక్కితే అది బరువు దించుకుంటది అత్తయ్యా. అందరి పేర్లూ పైకి పిలవండి. పిలవనోళ్లని చెరిపేస్తది," అని పొద్దున పనికి వెళ్తూ కోడలు హిమజ మరీమరీ చెప్పింది.

పెట్టె ఎర్రగా వెలిగింది. "ఎవరిని ఉంచమంటారు?"

సౌభాగ్యం పెట్టెకు ఎదురుగా వచ్చి నిలబడింది. కొడుకు, కోడలు, మనవరాలు, చివరికి తన పేరు కూడా గబగబా చెప్పేసింది. ఇక మిగిలింది మొగుడే. మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుక్షీణమని పెళ్లినాడే అమ్మ నూరిపోసింది.

"మా ఆయన," అంది.

"పేరు చెప్పండి."

"అదేనయ్యా, హిమజ మామగారు!"

ఎరుపు పోయి పచ్చదీపం వెలిగింది. చెయ్యి ఆనించి చూసింది. పెట్టె చల్లబడింది. గండం గడిచిందనుకుంది.

సాయంత్రం గేటు అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఏమేవ్, ఈ గేటు తెరుచుకోట్లేదు. నేనెవరో తెలీదంటంది!"

సౌభాగ్యం పెట్టె మీద పడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ పేరు పెట్టి కేకేసింది. "కోటిలింగం! కోటిలింగం!"

"ఆ పేరుతో ఈ ఇంట్లో ఎవరూ లేరండీ," అంది పెట్టె.