తడపని చేతులు

"తాకకండి! అది అందరూ వాడే సీసా!"

కౌంటర్ వెనకున్న అమ్మాయి అరుపుకి, సీసా మీదికి రాబోయిన చెయ్యి టక్కున ఆగిపోయింది.

ఆ సౌందర్య సాధనాల దుకాణంలో మాటల్లో ఆ అమ్మాయిని మించినవాళ్లు లేరు. తోటివాళ్లు పెట్టిన పేరు మాటలపుట్ట. ఎవరొచ్చినా ముందు "చెయ్యిలా ఇవ్వండి" అంటుంది. నీళ్లు చిలకరిస్తుంది. ఆ తడి మీద గ్లిజరిన్ సీరమ్ ఒక చుక్క, దాని మీద కాస్త క్రీమ్. ఇక నోరు మొదలు.

"గ్లిజరిన్‌కి దాహమెక్కువండీ. నీళ్లెక్కడుంటే అక్కణ్ణుంచి లాగేస్తుంది. చెయ్యి తడిపి రాస్తే ఆ తడిని చర్మంలో పట్టి ఉంచుతుంది. ఇలాంటి పొడి చలిలో వట్టి చేతికి రాశారో, లోపలున్న తడినే పైకి లాగి గాలికి వదిలేస్తుంది. అందుకే ముందు నీళ్లు, చివర క్రీమ్ మూత!"

పొద్దుటినుంచీ వచ్చినవాళ్లందరికీ ఇదంతా చెప్పింది. ఈ ఒక్క మనిషికి తప్ప.

ఆ చేతులు చూడగానే ఒళ్లు జలదరించింది మరి. వేళ్లు వంకర్లు తిరిగి, చర్మం అతుకులేసినట్టుంది. కాలిన చేతులని చూస్తేనే తెలుస్తోంది.

"కోప్పడకమ్మా," అంది ఆ నడివయసు మనిషి, చేతులు శాలువాలోకి లాక్కుంటూ. "ఇవి ఆదివారానికల్లా కాస్త మెత్తబడతాయా?"

"ఆదివారం ఏముందేంటి?"

"ఓ పిల్లాణ్ణి చూడ్డానికెళ్తున్నా. చెయ్యి పట్టుకుంటాడేమో. గరుగ్గా గుచ్చుకుంటే మళ్లీ పట్టుకోడు కదా!"

నవ్వుతూనే అంది.

మనవడై ఉంటాడనుకుంది మాటలపుట్ట. పాపం అనిపించింది. అనిపించినా, "చెయ్యిలా ఇవ్వండి" అనడానికి మాత్రం నోరు రాలేదు. కొత్త సీరమ్ సీసా ఒకటి తీసి, కౌంటర్ మీద దూరం నుంచే జరిపింది.

"రాసుకుంటూ ఉండండి, అదే మెత్తబడుతుంది."

"ఎలా రాసుకోవాలమ్మా?"

"రాసుకోవడానికి కూడా పద్ధతేంటండీ? చేతికి రాసుకోవడమే!"

శనివారం ఆమె మళ్లీ వచ్చింది. చేతులకు గుడ్డ చుట్టుకుంది. గుడ్డ మీద ఎర్రటి మరకలు.

"అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే పొద్దస్తమానం రాశాను. పగుళ్లు పడి నెత్తురొస్తోంది. నేనేమైనా తప్పు చేశానా?"

తప్పెవరిదో మాటలపుట్టకు అప్పుడే తెలిసిపోయింది. తడపమని చెప్పలేదు. పైన రాయడానికి క్రీమూ ఇవ్వలేదు.

చెప్పేద్దామని నోరు తెరిచింది. అంతలో మేనేజర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఏంటి గొడవ?"

ఉన్న ఉద్యోగం ఊడుతుందేమోనని భయం పట్టుకుంది.

"మన సరుకులో ఏ లోపమూ లేదు సార్. ఈవిడ చేతులే అలాంటివి!"

ఎంత మాట అనేసింది! ఆ మనిషి తన చేతులకేసి చూసుకుంది.

"నిజమేలే తల్లీ. చేతులదే తప్పు," అని మెల్లగా మెట్లు దిగిపోయింది.

వెనకాలే పరిగెత్తి ఒక్క ముక్క చెబితే పోయేది. మాటలపుట్ట కదల్లేదు. సాయంత్రం దాకా గిల్టుగా ఉంది, ఆ తర్వాత ఇంటిపనిలో పడిపోయింది.

ఆదివారం పొద్దున్నే మాటలపుట్ట భర్త ఒకటే హడావుడి. ఇల్లు తుడిచాడు, కుర్చీలు సర్దాడు, బడికింకా వెళ్లని కొడుక్కి కొత్త చొక్కా తొడిగి గుమ్మంలో కూర్చోబెట్టాడు.

"వచ్చేదెవరో చెప్పి చావొచ్చుగా!" అంది మాటలపుట్ట.

"చెప్పను. చూశాక నీకు నోట మాట రాదు. అది చూడాలని పెళ్లైన దగ్గర్నుంచీ నా కోరిక!"

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు ఫోన్ మోగింది.

"అదేంటండీ... మావాడు భయపడడు, నా మాట వినండి... హలో? హలో?"

భర్త ఫోన్ పక్కన పడేసి కుర్చీలో కూలబడ్డాడు.

"రాదట. మన వీధి దాకా వచ్చి వెనక్కెళ్లి, వాళ్లూరి బండెక్కేసిందట. ఇక ఈ వైపు రానంది."

"ఎందుకట?"

"చేతులు పగిలి నెత్తురోడుతున్నాయట. పసివాడు జడుసుకుంటాడు, వద్దులే నాయనా అంది."

మాటలపుట్ట గోడ పట్టుకుంది.

"ఎవ... ఎవరావిడ?"

"ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి మొన్ననేగా ఆచూకీ పట్టాను," అన్నాడు భర్త కళ్లు తుడుచుకుంటూ. "శిశు సంరక్షణ కేంద్రం తగలబడ్డ రోజు, ఎర్రగా కాలిన ఇనప గడియను వట్టి చేతులతో లాగి, మన బాబుని బయటికి తెచ్చింది ఆవిడే."