కిటికీ గౌను

"ఒసే, ఆగు! అక్కడే ఆగు!"

వేదిక మీద నుంచి జగన్నాధం అరిచిన అరుపుకి సన్నాయి వాళ్లు వాయించడం ఆపేశారు. కొడుకు నవీన్ పెళ్లి విందు అది. విజయనగరంలో పేరున్న వాళ్లంతా ఆ మధ్యాహ్నం కల్యాణ మండపంలోనే ఉన్నారు. కొత్త వియ్యాలవారు ముందు వరసలో కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే కూతురు యమున గుమ్మం దగ్గర చున్నీ తీసి పక్కన పడేసి, కుర్చీల మధ్య నుంచి తిన్నగా తండ్రి వైపు నడిచి వస్తోంది.

ఎర్ర గౌను. ముందు నుంచి చూస్తే మెడ దాకా మూసి బుద్ధిగానే ఉంది. కానీ భుజాల మీద నుంచి ముందుకు వేలాడుతున్న ఆ రెండు పట్టీల్ని జగన్నాధం ఎక్కడున్నా పోల్చుకోగలడు. అవి మెడ వెనక వేసే ముడికి కొసలు. ఆ ముడి కింద నడుం దాకా గుడ్డ పేలిక కూడా ఉండదు.

కిటికీ గౌను!

రెండేళ్ల కిందట ఊరంతా ఇదే పిచ్చి. టైలరు ఈశ్వరి ఎవరి పుట్టినరోజుకో ఒకటి కుట్టింది. ఆ పిల్ల వీడియో ఫోన్లలో తిరిగింది. అంతే, కాలేజీ పిల్లలు, కొత్త పెళ్లికూతుళ్లు, ఆఖరికి బారసాలలకి వచ్చే తల్లులు కూడా వీపులు ఆరబెట్టుకుని తిరగడం మొదలెట్టారు. దానికి పేరు పెట్టింది కుర్రకారు. ఊపిరి తీసింది మాత్రం జగన్నాధమే. యమున ఒంటి మీద దాన్ని చూసిన రోజున జుట్టు పట్టి ఇంట్లోకి ఈడ్చి, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాడు. మర్నాడు మనుషుల్ని వేసుకుని ఈశ్వరి కొట్టు మీద పడ్డాడు. అద్దాలు పగలగొట్టి, బొమ్మల మెడలు విరిచి, గౌన్లన్నీ నడిరోడ్డు మీద కుప్ప పోసి తగలబెట్టాడు. అడ్డొచ్చిన ఈశ్వరి మొగుడు ఎల్లాజీకి చెయ్యి విరిగింది. ఆ తర్వాత ఆ గౌను తొడుక్కునే గుండె ధైర్యం ఊళ్లో ఎవరికీ లేకపోయింది. ఈశ్వరి బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకుంటూ బతుకుతోంది. సంస్కృతిని కాపాడాడని ఆయనకి శాలువా కూడా కప్పారు!

ఆ వేడిలోనే కూతురికి పెళ్లి చేసేశాడు. అల్లుడు గిరిబాబు బంగారం. నడి వైశాఖంలో కూడా పెళ్లానికి మెడ దాకా, మణికట్ల దాకా జాకెట్టు ఉండాల్సిందేనని పట్టుబట్టే మనిషి. "నన్ను మించినోడు దొరికినాడు" అని జగన్నాధం కనబడ్డవాడికల్లా చెప్పుకుని మురిసిపోయేవాడు.

అలాంటిది, ఊరు మర్చిపోయిన ఆ మాయదారి గౌను ఈ రోజే మళ్లీ లేచొచ్చింది. దాని వెనకాలే ఈశ్వరి. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. తన మీద కక్ష తీర్చుకోవడానికి తన కూతుర్నే ఎగదోసిందన్నమాట. జగన్నాధానికి ఒళ్లు మండిపోయింది.

యమున ఏ వరస దాటితే ఆ వరసలో నవ్వులు ఆగిపోతున్నాయి. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు. ఓ ముసలమ్మ "అయ్యో, అయ్యో" అంటూ కళ్లు మూసుకుంది. తన పరువు అందరి ముందూ గంగలో కలుస్తోందని జగన్నాధానికి అర్థమైంది.

ఒక్క ఉదుటున వేదిక దిగి, ఎదురుగా వచ్చిన కూతుర్ని లాగి కొట్టాడు. యమున పెదవి చిట్లింది. కుర్చీ పట్టుకుని నిలదొక్కుకుని మళ్లీ ఆయనకెదురుగానే నిలబడింది.

"సిగ్గు నేదేటే నీకు? తమ్ముడి పెళ్లిలో ఈపు సూపించుకోడానికి వచ్చినావా?"

"అవును నాన్నా. అందుకే వచ్చినాను."

ఇంకో దెబ్బ పడింది.

"ఫోను సేస్తే పెళ్లి పనులని పెట్టీసినావు. ఇంటికొస్తానంటే మొగుడితో కలిసి రమ్మన్నావు. మరింకెక్కడికి వస్తాను?"

"ఫోను ఎత్తనేదని పరువు తీస్తావేటి?"

ఈశ్వరి మధ్యలోకి వచ్చి యమునకి అడ్డం నిలబడింది. "కొట్టకండి బాబూ! కొలతలు తీసింది నాను, కుట్టింది నాను. కోపముంటే నన్ను కొట్టండి."

ఆ ముచ్చటా తీర్చాడు జగన్నాధం. ఆయన తోసిన తోపుకి ఈశ్వరి నుదురు బల్ల అంచుకి తగిలి నెత్తురు చిమ్మింది. ఆయన మనుషులు ఆమె రెక్కలు విరిచి పట్టుకున్నారు.

ఇంతలో భోజనాల వైపు నుంచి గిరిబాబు కోటు విప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ముఖం పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి.

"మావయ్యా, నాను సూసుకుంటాను. మీరు పైకెళ్లండి. ఒసే, ముందీ కోటు కప్పుకో, ఇంటికి పోదాం."

"సూసినావేటే?" అన్నాడు జగన్నాధం. "మొగుడంటే అలాగుండాల! నీ మానం కోసం ఎలాగ వణికిపోతన్నాడో సూడు!"

ఆ కోటు యమునని చేరనే లేదు. వెనక వరసలోంచి జగన్నాధం అప్ప లక్ష్మీనరసమ్మ చెప్పు తీసుకుని వచ్చి గిరిబాబు ముఖం మీద చాచి కొట్టింది. మళ్లీ కొట్టింది. కోటు కిందపడింది. అతను ముక్కు పట్టుకుని వెనక్కి తగ్గుతుంటే వెంటపడి మరీ కొట్టింది.

"అప్పా! మతి పోయిందేటి నీకు? అల్లుణ్ని కొడతన్నావు!" జగన్నాధం ఆమె చెయ్యి దొరకపుచ్చుకున్నాడు.

"నన్నొగ్గీరా! ఊరోళ్లందరూ సూసినారు. కన్నోడివి, నువ్వొక్కడివే సూడనేదు."

చెయ్యి విదిలించుకుని, యమున భుజం పట్టి తన తమ్ముడు జగన్నాధం ముందు వెనక్కి తిప్పింది.

మెడ నుంచి నడుం దాకా బెల్టు వాతలే.