రెండు మూతలు

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు మొదలవగానే అక్క తమ్ముడి సంచి విప్పింది.

లోపల అతను ఆస్పత్రినుంచి తెచ్చిన రెండు పూతమందు డబ్బాలు. అచ్చం ఒకేలా ఉన్నాయి. నీలం మూతది తమ్ముడిది, తెల్ల మూతది తనది.

ఇద్దరికీ సోరియాసిస్. చిన్నప్పటినుంచీ చేతులనిండా పొలుసులే. ఆమె నల్లబట్ట కుడితే దానిమీద తెల్లటి పొట్టు రాలేది. తమ్ముడు సెలూన్‌లో కత్తెర పట్టుకుంటే, కూర్చున్నవాళ్ళు లేచి పక్క కుర్చీలోకి మారేవారు.

కొత్త మందు పరీక్షకు ఇద్దరూ పేర్లిచ్చారు. ఆ పొద్దున డాక్టరమ్మ విడమరిచి చెప్పింది.

"జన్యువులు ఒకలాంటివే. వాటిని నడిపే స్విచ్చులే, ఈ జబ్బులో మగవాళ్ళకి ఒకలా, ఆడవాళ్ళకి ఇంకోలా పడుతున్నాయి. అందుకే ఎవరి మందు వాళ్ళకే."

"తగ్గుతుందంటారా మేడమ్?"

"మగవాళ్ళ మందు పోయినసారి చాలామందికి పనిచేసింది. ఆడవాళ్ళది ఇదే మొదటిసారి. చూద్దాం."

ఆ 'చూద్దాం' ఇంటికొచ్చేదాకా ఆమెను వదల్లేదు. ఎప్పుడూ ఇంతే, ఆడవాళ్ళ వంతు ఆఖరుకే! చకచకా మూతలు మార్చేసి, ఏమీ ఎరగనట్టు కుట్టుమిషను ముందు కూర్చుంది.

మూడు నెలలు గడిచాయి. ఆమె చేతులు నున్నబడ్డాయి. తమ్ముడివి పగుళ్ళుబారి నెత్తురొస్తున్నాయి. సెలూన్ యజమాని అతని దగ్గర కత్తెర తీసుకుని చీపురిచ్చాడు.

"నీకు తగ్గింది కదక్కా, అది చాలు" అన్నాడు తమ్ముడు, ఆమె చేతులు తిప్పి తిప్పి చూసి మురిసిపోతూ.

ఆ మురిపెం ఆమె భరించలేకపోయింది. ఇంట్లోనూ పొడుగుచేతుల జాకెట్టే వేసుకునేది. "చేతులెంత బాగయ్యాయో!" అని ఎవరైనా అంటే చచ్చినంత పనయ్యేది.

చివరికి ఒక ఉదయం, అతని వేళ్ళకు గుడ్డ కడుతూ కడుతూ భోరుమంది.

"నీకు ద్రోహం చేశానురా. ఆరోజు నువ్వు స్నానం చేస్తుంటే డబ్బాల మూతలు మార్చేశాను. నీ మందు నేను రాసుకున్నాను."

తమ్ముడు చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"అయ్యో పిచ్చక్కా! పనిచేసే మందు నీకే దక్కాలని, ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గరే ఆ మూతలు నేను ముందే మార్చేశాను కదా! అంటే చివరికి ఎవరి మందు వాళ్ళకే చేరింది!"