సైలో మీద ముత్తాత

కుల్లాబిన్ ఊళ్లో గోధుమలు నిల్వచేసే మేడంత ఎత్తు సైలో గోడ మీద జోసియా టక్‌వెల్ ముఖం గీయించాలని హాల్లో ఉన్నవాళ్లంతా చేతులెత్తారు, నోలా ఒక్కతే ఎత్తలేదు.

జోసియా ఆ నేలలో మొట్టమొదట గోధుమ పండించినవాడు. ఆయన ఫొటో లోకంలో ఒక్కటే ఉంది. అది ఊరి మ్యూజియం గోడకు వేలాడుతోంది. ముప్ఫై ఏళ్లుగా దాని దుమ్ము దులుపుతున్నది నోలాయే. అలాంటి మనిషే అడ్డం తిరిగితే ఎవరికి మండదు?

"అంత పెద్ద ముఖమా? పిల్లలు జడుసుకుంటారు," అంది నోలా. "గొర్రెను గీయించండి, ముద్దుగా ఉంటుంది."

జోసియా మునిమనవడు మెర్విన్ చివాల్న లేచాడు. "మా ముత్తాత కంటే గొర్రె ఎక్కువైందా నీకు?"

"పోనీ, నాగలి పట్టి దున్నుతున్నట్టు గీయించు. వెనక నుంచి."

"అంటే వీపు చూపించమంటావా?"

"కనీసం టోపీ అన్నా పెట్టించు మెర్విన్. బాగా కిందికి లాగి."

హాలంతా గొల్లుమంది. నోలాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ముఖం సైలో ఎక్కకూడదు, ఆమెకు కావలసింది అదొక్కటే.

"వీళ్లవాళ్లు మనకంటే పదేళ్లు ఆలస్యంగా వచ్చారుగా ఈ ఊరికి. అదీ కడుపుమంట," అన్నాడు మెర్విన్ పక్కవాడితో, ఆమెకు వినపడేలాగే.

నోలా ఉడుక్కుంది.

చిత్రకారుడు మ్యూజియంలోని ఆ ఫొటో చూసి, క్రేన్ ఎక్కి పద్దెనిమిది రోజులు గీశాడు. ఆవిష్కరణ రోజున మెర్విన్, ఫొటోలో ఉన్నట్టే చెంపల మీసాలు పెంచుకుని మరీ వచ్చాడు. తలెత్తి చూసి, నలుగురిలో బావురుమన్నాడు.

"ఆ ముక్కు చూడండర్రా! అచ్చం నాదే. రక్తం ఎక్కడికి పోతుంది?"

నిజమే, పోలిక కొట్టొచ్చినట్టు ఉంది. జనం చప్పట్లు కొట్టారు. ముసలివాళ్లు కళ్లు ఒత్తుకున్నారు.

"ఇప్పటికైనా ఒప్పుకుంటావా నోలా?" అన్నాడు మెర్విన్ ముక్కు చీదుతూ.

"ఒప్పుకున్నాను బాబూ. నీ పోలికే," అంది నోలా నేల చూపులు చూస్తూ.

ఇరవై రెండేళ్ల కిందట జిల్లా మీద ఎలుకలు పడ్డప్పుడు అవి అసలు జోసియాను ముక్కలు ముక్కలుగా కొరికేస్తే, మూడో కంటికి తెలియకుండా నోలా ఆ ఖాళీ ఫ్రేములో అతికించింది గొర్రెల గజ్జిమందు క్యాలెండర్ మీది మనిషిని.