తలుపుల డబ్బా, కిటికీల డబ్బా

"డబ్బాలు ఎవరు జరిపిండ్రు?"

కొండల్ అరుపుకు బాలనర్సమ్మ చేతిలో చీపురు జారిపడింది. ఆమె పక్కింటి ముసలమ్మ. కొండల్ భార్య అరుంధతి పొద్దున్నే రఘునాథపల్లిలో ఉన్న చెల్లెల్ని చూడటానికి పోతూ, జర వాకిలి ఊడ్చిపెట్టమని ఆమెకు చెప్పిపోయింది.

"నేనే జరిపిన బిడ్డా. ఊడ్సుటానికి అడ్డమున్నయని. ఏం, ఒలికినయా?"

"ఒలకలే. ఏది ఎడమ దిక్కుండె అవ్వా? ఏది కుడి దిక్కుండె?"

"ఏమో బిడ్డా. నా కండ్లకు పొరలొచ్చినయి. అవి డబ్బాలని తెలుసుడే ఎక్కువ."

కొండల్ తల పట్టుకున్నాడు. పొద్దున అరుంధతి వేలుపెట్టి మరీ చూపింది. "గిది తలుపులకు, గది కిటికీలకు. మా బాపు ఇంటి తలుపులు గిట్లనే ఉండేటియి. ఆయన పోయినంక ఆ ఇల్లు గూడ పాయె. తలుపులన్న అట్లనే ఉండాలె" అంది. అతను బుద్ధిగా గుర్తుపెట్టుకున్నాడు. ఎడమది తలుపులకు, కుడిది కిటికీలకు. ఏ వస్తువైనా ఉన్నచోటును బట్టి గుర్తుపెట్టుకోవడం అతని పద్ధతి. జనగామ రైల్వే స్టేషన్‌లో డ్యూటీ చేసేటప్పుడు కూడా ఎడమ చేతి జెండాను కుడి చేతికి మారనిచ్చేవాడు కాదు. ఆ పద్ధతిని ముసలమ్మ చీపురు కట్ట ఒక్క ఊపులో చెడగొట్టింది.

వంగి రెండు డబ్బాల్లోకీ చూశాడు. రెండూ ముదురు బూడిద రంగు. ఒకటి తడిసిన షాబాద్ బండలా ఉంది. రెండోది అదే బండ కాస్త ఆరినట్టు ఉంది. నీడలో పెడితే ఆ కాస్త తేడా కూడా పోతోంది. హీరాలాల్ కొట్టులో విడిగా పోయించి తెచ్చిన రంగులు కాబట్టి పైన కాగితమైనా లేదు. ఒక చెక్కముక్క మీద రెండు గీతలు గీసి, ఎండలో చూశాడు, తలుపు చాటున చూశాడు, ఒక కన్ను మూసి చూశాడు. ఏమీ తేలలేదు.

హీరాలాల్‌ను పోయి అడగొచ్చు. కానీ అటు పోవాలంటే బస్టాండు ముందునుంచి పోవాలి. నిరుడు మరదలి పెళ్లికి అరుంధతి ఏరిపెట్టుకున్న చీర బదులు ఇంకోటి పట్టుకొచ్చి, బట్టల కొట్టు గుమాస్తా మార్చి ఇచ్చాడని అబద్ధమాడాడు. అరుంధతి పోయి లొల్లి చేసింది, ఆ గుమాస్తా నౌకరీ ఊడింది. ఇప్పుడతను ఆ బస్టాండులోనే మూటలు మోస్తున్నాడు. అతను ఎదురైతే కొండల్ సందు మారిపోతాడు. మారిపోయిన ప్రతిసారీ తిన్న అన్నం వంటబట్టదు.

అప్పుడే అమర్‌సింగ్ సైకిల్ దిగాడు. మహబూబాబాద్ దగ్గరి తండా మనిషి. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లి చల్లబడ్డాక ఇద్దరూ ఒకే రోజు రైల్వేలో చేరారు. చేరేముందు పరీక్షలో కొండల్ అతని వెనకే నిలబడి, అతను చెప్పిన జవాబులే తనూ అప్పజెప్పి గట్టెక్కాడు. ఆ సంగతి అమర్‌సింగ్‌కు ఇప్పటికీ తెలియదు.

"కొండలన్నా, ఖుషీ ఖబర్! ఇయ్యాల్టి సంది నీకు రాత్రి డ్యూటీ. జీతం గూడ పెరుగుతది. స్టేషన్ మాస్టర్ చెప్పి రమ్మన్నడు."

కొండల్ చెక్కముక్క కింద పెట్టాడు. "రాత్రా? పగలే బాగుండె గదనే."

"లాంతరు పట్టుకొని నిలబడుడే గదన్నా. గింత పరేషాన్ ఎందుకు?"

కొండల్ మాట మార్చాడు. "గది ఇడిశిపెట్టు. నువ్వయితే తలుపులకు ఏది ఏస్తవ్?"

"మా తండాలయితే గిదే ఏస్తం" అని అమర్‌సింగ్ ఒక డబ్బా చూపించి వెళ్లిపోయాడు. కొండల్ ఇక ఆలోచించలేదు. అదే డబ్బాలో కుంచె ముంచాడు.

అరుంధతి బస్సు దిగి వచ్చేసరికి తలుపులకు ఒక పూత అయిపోయింది. ఆమె వాకిట్లోనే ఆగిపోయింది.

"గిదేంది? కిటికీల డబ్బా తలుపులకు ఏసినవ్?"

"మర్చిపోయిన" అన్నాడు కొండల్. ఆమె చెప్పిన ప్రతి మాటా అతనికి గుర్తుంది.

"ఏసేటప్పుడన్న అనిపియ్యలేదా?"

"రెండు ఒక్క తీర్గనే ఉన్నయి గదా. జర అటిటు."

అరుంధతి నవ్వింది. అతను నవ్వలేదు. ఆమె నవ్వు మెల్లగా ఆగింది. సంచి కింద పెట్టి, రెండు డబ్బాలూ ఎండలోకి తెచ్చి అతని ముందు పెట్టింది.

"మంచిగ చూడు. ఒక్క తీర్గనే ఉన్నయా?"

"ఉన్నయి."

"మరి నిరుడు చీర?"

"గుమాస్తా తప్పేం లేదు. నేనే తప్పు తెచ్చిన."

"మరి నౌకరిల చేరేటప్పటి కండ్ల పరీక్ష?"

"అమర్‌సింగ్ ఏమంటే నేనూ అదే అన్న."

అరుంధతి మెట్టు మీద కూలబడింది. తిట్టలేదు. తిడితే బాగుండునని కొండల్‌కు అనిపించింది. చేసిన తప్పులన్నీ ఒక్కసారే గుండెల మీద కూర్చున్నట్టయింది.

"ఇన్నేండ్లు ఎట్లనో నెట్టుకొచ్చిన" అన్నాడు. "ఒక్క రాత్రి తప్పు జరిగితే ఎన్ని పానాలు పోతయో! ఇప్పుడే పోయి మాస్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్త. నౌకరి పోతే పోనీ, కూలికి పోత."

అరుంధతి కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "పా, నేను గూడ వస్త. ముందుగాల బస్టాండు కాడ ఆ గుమాస్తాకు దండం పెట్టుకొని పోదాం."

ఇద్దరూ దారి పట్టారు. మూతలు తీసిన డబ్బాలు రెండూ వాకిట్లో అట్లాగే ఉండిపోయాయి.

ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ.